కొలతకు లోబడిన బొమ్మలు

గత విద్యాసంవత్సరము మన పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకు వచ్చినవారికి వరండాలో వేసిన పొడుగుబల్ల జ్ఞాపకముండవచ్చును. ఆ బల్లమీద థర్మాకోలుతో చేసిన అగ్నిపర్వతములు మూడు, రంగుబంతులు వ్రేలాడదీసిన సౌరకుటుంబములు రెండు, చీపురుపుల్లల గుడిసెలు, అట్టవంతెనలు, వాటి నడుమ ప్లాస్టికు విమానములు నాలుగైదు ఉండెను. బహుమతులు నిర్ణయించుటకు నియమింపబడిన ముగ్గురిలో మేమొకరము. ఆ దినమున మేము రెండు తప్పులు చేసితిమి. మొదటిది బహుమతిని తప్పుగ నిచ్చుట. రెండవది అంతకంటె పెద్దది. దానిని కొంత దూరము పోయిన పిమ్మట చెప్పుదుము. తప్పు జరిగినచోటనే ఒప్పుకొనుట మంచిది గనుకను, ఈ సంవత్సరపు ప్రదర్శనము మరల సమీపించుచున్నది గనుకను, మా అభిప్రాయమును ఈ సంచిక ద్వారా చదువరులకు విన్నవించుచున్నాము.

ఆనాడు మొదటి బహుమతి పొందినది ఒక స్పిట్‌ఫైర్ విమానము. దానికి తళతళలాడు వెండిరంగు వేసి, రెక్కల కొసలకు ఎర్రని చారలు దిద్దియుండిరి. దూరమునుండి చూచినను కన్నులకు పండుగగా నుండెను. దాని ప్రక్కనే ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఒక చెక్కపలక మీద రెండు విమానములను ఎదురెదురుగ నిలిపెను. ఒకటి అదే స్పిట్‌ఫైర్. రెండవది జర్మనీ దేశపు మెస్సర్‌స్మిట్ 109. ఈ బాలుని స్పిట్‌ఫైర్ మీద మట్టిరంగును ముదురాకుపచ్చయు కలిసియుండెను. ఇంజను ప్రక్కన పొగచారలు. రెక్కల క్రింద నల్లని మరకలు. మాతో కూర్చున్న ఒక పెద్దమనిషి, "వీడు తుడిచి తేవలసినది" అనెను. మేమును తల యూపితిమి. పట్టికలో రెండు మార్కులు తగ్గించి ముందునకు నడిచితిమి.

సాయంకాలము బల్లలు తీయుచుండగా ఆ బాలుని పిలిచి, మరకలేల కడుగలేదని అడిగితిమి. వాడు భయపడకయే యిట్లు చెప్పెను: "అది మురికి గాదు మాస్టారూ. స్పిట్‌ఫైర్ రెక్కలలో ఎనిమిది తుపాకులుండును. వాటి నోళ్లమీద ఎర్రని గుడ్డముక్కలు అంటింతురు. కాల్చినప్పుడు ఆ గుడ్డలు చినిగిపోవును, రెక్క క్రింద పొగ పట్టును. నేను చేసినది యుద్ధమునుండి తిరిగివచ్చిన విమానము." మేము కన్నుదగ్గర పెట్టుకొని చూచితిమి. గోటికొన యంతేసి గుడ్డముక్కలు చినిగినట్లుగనే చిత్రింపబడియున్నవి. వెండిరంగు వేసిన విమానమందు గుడ్డలు లేవు, మరకలు లేవు. 1940 సంవత్సరమున ఇంగ్లండు ఆకాశమందు పోరాడిన స్పిట్‌ఫైరులకు వెండిరంగు లేదు. మేము అందమునకు బహుమతి ఇచ్చి, నిజమునకు మార్కులు తగ్గించితిమి.

ఇంతకును ఈ నమూనా నిర్మాణమనగా నేమియో తెలియని తలిదండ్రులు మనలో అనేకులు గలరు. బజారులో ఒక పెట్టె దొరకును. దానిలో ప్లాస్టికు చట్రములు, ఆ చట్రములకు అంటుకొనిన నంబరు వేసిన ముక్కలు, ఒక సూచనల కాగితము, నీటిలో నానవేసి జార్చి అంటించు గుర్తుల కాగితము ఉండును. ముక్కను కత్తితో జాగ్రత్తగ వేరుచేసి, కోసినచోట ఉప్పుకాగితముతో రుద్ది, రెండు ముక్కలను జోడించి, అతుకుమీద ద్రావణమును కుంచెతో తాకింపవలయును. ఆ ద్రావణము జిగురు వంటిది గాదు. ప్లాస్టికును కొంచెము కరిగించి రెండు ముక్కలను ఒకటిగ చేయును. కావుననే తప్పుగ అతికినదానిని ఊడదీయుట కష్టము. అతుకుమీద సందు కనబడినచో గోడలకు మేస్త్రి పెట్టునట్లు లప్పము పెట్టి, ఆరిన తరువాత మరల రుద్దవలయును. అటుపిమ్మట మొదటిపూత, దానిమీద రంగు, రంగుమీద గుర్తులు, చివరకు మెరుపును అణచు పూత. తొందరపడువాని వ్రేలిముద్ర రెక్కమీద శాశ్వతముగ నిలిచిపోవును. మా మేజాసొరుగులో నున్న ఒక విమానము మీద మా బొటనవ్రేలి ముద్ర నేటికిని స్పష్టముగనే యున్నది.

ఇది మనవారికి బొత్తిగ క్రొత్త పని యని తలంపరాదు. కొండపల్లి బొమ్మలు చేయువారి యింటిముందు కూర్చుండి చూచినవారు దీనిని గుర్తుపట్టుదురు. వారు తెల్లపొణికి కర్రను తెచ్చి, తడి పోవునట్లు కాచి, తలయు చేతులును మొండెమును వేరువేరుగ చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, సున్నపుపూత వేసి, ఆపైన రంగు దిద్దుదురు. చెక్కుట, అతుకుట, పూడ్చుట, పూత, రంగు: వరుస యంతయు నొకటియే. భేదమెక్కడ ననగా, కొండపల్లి అంబారీయేనుగును ఎవరును కొలతబద్దతో కొలువరు. అది ఏనుగును చూచిన సంతోషమును చెప్పును. ఏనుగు కొలతను చెప్పుటకు ఏర్పడినది కాదు. ప్లాస్టికు విమానమట్లు గాదు. "ఇదియే ఆ యంత్రము, డెబ్బదిరెండవ వంతు" అని అది మాట యిచ్చుచున్నది. మాట యిచ్చినవాడు దానికి కట్టుబడవలయును.

ఆ డెబ్బదిరెండు అను సంఖ్య యెట్లు వచ్చినదో బాలబాలికలు తెలిసికొనుట మంచిది. ఆరడుగులకు డెబ్బదిరెండు అంగుళములు. ఆరడుగుల మనిషిని ఒక అంగుళము చేసినచో ఆ నిష్పత్తి వచ్చును. ఇంగ్లండులో 1930ల ఆరంభమున కర్రతో చేసిన స్కైబర్డ్స్ నమూనాలును, 1936 లో వెలువడిన ఫ్రాగ్ పెంగ్విన్ ప్లాస్టికు నమూనాలును ఈ నిష్పత్తినే అనుసరించెను. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు ఒక కొసనుండి మరియొక కొసకు 11.23 మీటర్లు. దానిని 72 చేత భాగించినచో ఇంచుమించు 15.6 సెంటీమీటర్లు. మన ఆరవ తరగతి పిల్లలు భిన్నములలో భాగహారమును ఏడ్చుచు నేర్చుకొనుచున్నారు. ఈ లెక్కను వారికిచ్చి స్కేలుబద్దను చేతికిచ్చినచో ఏడ్పు కొంత తగ్గునని మా అనుభవము.

అయితే పెట్టెలో వచ్చినదంతయు నిజమని నమ్మరాదు. రెక్క వెనుక అంచు నమూనాలో ఒక మిల్లీమీటరు మందముండిన యెడల, అసలు విమానములో అది 72 మిల్లీమీటర్లు, అనగా మన పిడికిలి వెడల్పు. ఏ విమానపు రెక్కకును అంత మొద్దైన అంచు ఉండదు. ప్లాస్టికును అచ్చులో పోయుటకు కొంత మందము కావలయును గనుక తయారుచేయువారు అట్లు చేయుదురు. శ్రద్ధగల బాలుడు లోపలివైపున రుద్ది ఆ అంచును సన్నము చేయును. పాత నమూనాలమీద ఆవగింజలవలె పొడుచుకొనివచ్చు రివెట్లును అంతియే. అర మిల్లీమీటరు బుడిపె అసలు లెక్కలో 36 మిల్లీమీటర్ల బుడిపె యగును.

రంగు విషయము ఇంకను చిత్రమైనది. అసలు విమానమునకు వేసిన రంగునే తెచ్చి నమూనాకు వేసినచో అది మితిమీరి ముదురుగ కనబడునని ఈ పనిలో ఆరితేరినవారు అనేకులు చెప్పుదురు. ఏలయన, మనము నిజమైన విమానమును దూరమునుండి చూతుము. నడుమనున్న గాలియు వెలుగును రంగును కొంత వెలిసినట్లు చేయును. పది మీటర్ల దూరమున నుంచిన ఈ చిన్న విమానము 720 మీటర్ల దూరమున నున్న అసలు విమానమంత కనబడును. కావున వారు రంగులో కొంచెము తెలుపు కలుపుదురు. ఉన్నదున్నట్లు చెప్పుటకు ఉన్నదానిని కొంచెము మార్చవలసి వచ్చుచున్నది. ఈ సంగతిని మేము పదవ తరగతిలో చెప్పినప్పుడు వెనుకబల్ల నుండి ఒకడు, "అయితే అబద్ధమాడవచ్చునా మాస్టారూ?" అని అడిగెను. ఆ ప్రశ్నకు గంట కొట్టువరకును మాటలాడితిమి గాని వానిని తృప్తిపరచితిమని చెప్పజాలము.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నున్నప్పుడు బోధనోపకరణముల నిమిత్తము చేసిన నమూనాలను తలచుకొన్నచో నేడు సిగ్గగుచున్నది. మేము చేసిన సౌరకుటుంబములో భూమియు బృహస్పతియు ఒకే బంతి పరిమాణము. బృహస్పతి యొక్క వ్యాసము భూమి వ్యాసమునకు ఇంచుమించు పదునొకండు రెట్లు. పరీక్షకుడును అడుగలేదు, మేమును చెప్పలేదు. గత సంవత్సరపు బల్లమీద వ్రేలాడిన రెండు సౌరకుటుంబములును అదే అబద్ధమును చెప్పుచుండెను. ఉపాధ్యాయులమైన మనమే పిల్లలకు దీనిని నేర్పుచున్నాము.

కొలత తప్పిన బొమ్మ వలన నష్టమేమని అడుగువారికి ఒక వృత్తాంతము. 1942 లో అమెరికా నౌకాదళము ఆ దేశపు విద్యాకార్యాలయము ద్వారా ఉన్నత పాఠశాలల విద్యార్థులను ఐదు లక్షల విమాన నమూనాలు చేసి యిమ్మని కోరెను. అవన్నియు డెబ్బదిరెండవ వంతు. కర్రతో చెక్కి నల్లరంగు పూయవలసినవి. స్వపక్షపు విమానములును శత్రుపక్షపు విమానములును వాటిలో నుండెను. సైనికులు వాటిని దూరమున వ్రేలాడదీసి, ఆకారమును బట్టి ఏది ఎవరిదో గుర్తించుటయు, ఎంత దూరమున నున్నదో అంచనా వేయుటయు నేర్చుకొనిరి. రెక్క వంపు తప్పుగ చెక్కిన నమూనాను చూచి నేర్చుకొన్నవాడు తన స్నేహితుని విమానము మీదనే తుపాకి గురిపెట్టవచ్చును. పాఠశాల బాలుని ఉప్పుకాగితము మీద ఒకని ప్రాణము ఆధారపడియుండుట అన్న మాట అతిశయోక్తి గాదు.

నమూనా జ్ఞానమునకు మార్గమగుటకు యుద్ధమే కారణము గానక్కరలేదు. 1878 లో మిల్టన్ రైట్ అను బిషప్పుగారు తన యిద్దరు చిన్న కుమారులకు బెండు, వెదురు, కాగితము, రబ్బరుతో చేసిన ఎగురుబొమ్మ నొకదానిని తెచ్చి యిచ్చెను. బొమ్మ విరిగిపోయెను. పిల్లలు దానివంటివి తామే చేసికొనిరి. పెద్దవిగ చేసినకొలది సరిగ ఎగురకుండుట చూచి ఆశ్చర్యపడిరి. పొడవు రెండింతలైనప్పుడు బరువు ఎనిమిదింతలగునని వారికప్పటికి తెలియదు. ఆ పిల్లలే విల్బరు, ఆర్విల్ రైట్ సోదరులు. 1901 లో వారు గాలిపెట్టె నొకదానిని కట్టి, సుమారు రెండువందల చిన్న రెక్కలను దానిలో పరీక్షించి, అంతకుముందు ప్రచురితమైన లెక్కలను సరిదిద్దుకొనిరి. 1903 డిసెంబరు 17 న ఎగిరిన యంత్రము ఆ చిన్న రెక్కలనుండియే పుట్టెను. దైవసేవకుడొకడు పిల్లలకు బొమ్మ కొనుట వ్యర్థమైన ఖర్చు అని ఆ సంఘపు పెద్దలెవరైన అనియుందురా యని మేము అప్పుడప్పుడు ఆలోచింతుము.

జపాను దేశమునందలి షిజువొకా పట్టణములోని తమియా వారి సంగతి గూడ చెప్పదగినది. 1946 లో కర్రల వ్యాపారముగ మొదలైన ఆ సంస్థ కర్రబొమ్మలు చేసి, 1960 నుండి ప్లాస్టికు నమూనాలలోనికి దిగెను. పోర్షే 911 కారు నమూనా సరిగ రావలయునని వారు ఒక నిజమైన కారును కొని, దానిని ముక్కముక్కలుగ విప్పి చూచిరి. అయితే ఆ సంస్థవారే తమ మొదటి టాంకు నమూనాకు ముప్పదియైదవ వంతు నిష్పత్తిని ఎన్నుకొన్నది, లోపల మోటారుకు కావలసిన బ్యాటరీలు పట్టుటకు! నేడు లోకమందంతట అనుసరింపబడుచున్న ఆ నిష్పత్తి బ్యాటరీల కొలతనుండి వచ్చినదని తెలిసినప్పుడు మాకు నవ్వు వచ్చెను.

ఇక మా రెండవ తప్పు.

ఆ బాలుని మెస్సర్‌స్మిట్ తోకమీద నాజీల స్వస్తికము ఉండెను. ప్రదర్శనము చూడవచ్చిన ఒక తండ్రి దానిని చూచి, "శుభచిహ్నము బాగుగ వేసినావు నాయనా" అని వాని వీపు తట్టెను. గుమ్మములమీదను, క్రొత్త లెక్కపుస్తకములమీదను మన పొరుగువారు వేయు గుర్తు అని ఆయన తలచెను. అర్ధగంట గడువకమునుపే సంఘపు పెద్ద యొకరు వచ్చి, క్రైస్తవ పాఠశాల బల్లమీద హిట్లరు గుర్తేమిటని మమ్ము నిలదీసెను. ఒకే గుర్తు, ఒకే గంటలో, ఒకరికి శుభము, ఒకరికి అపచారము. ఇద్దరికిని వివరించుటకు తగిన సమయమదియే. మేము వివరింపలేదు. అతిథులు వచ్చు వేళ యని తొందరపడి, బాలుని పిలిచి, దానిని తీసివేయుమని ఆజ్ఞాపించితిమి. వాడు మా ముఖము చూచెను, ఏమియు అనలేదు. చిన్న కత్తి తీసి గీకెను. గుర్తుతో కూడ రంగును పోయెను, క్రింది ప్లాస్టికు తెల్లగ బయటపడెను.

పిమ్మట తెలిసినదేమనగా, ఆ గుర్తు పెట్టెలో సిద్ధముగ వచ్చినది గాదు. జర్మనీ శిక్షాస్మృతి ఆ గుర్తును బహిరంగముగ చూపుటను నిషేధించుచున్నది. విద్య, కళ, చరిత్ర బోధన వంటివాటికి మాత్రము మినహాయింపు గలదు. ఆ చిక్కు లేకుండుటకై అనేక సంస్థలు ఆ గుర్తును బొత్తిగ వదలివేయుదురు, లేదా రెండు ముక్కలుగ చీల్చి ముద్రింతురు, అంటించువాడు కలుపుకొనవలయును. ఈ బాలుడు ఆ రెండు ముక్కలను పట్టకారుతో జోడించి, సందు కనబడకుండ అతికెను. ఆ తోక వెడల్పు మన గోరంత. వాడు దానికొక సాయంకాలము వెచ్చించియుండును. మేము అరనిమిషములో గీకించితిమి.

పదియాజ్ఞలలో అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞను మేము ప్రతి సంవత్సరము ఏడవ తరగతికి బోధించుచున్నాము. సాక్ష్యమనగా నోటిమాట మాత్రమే యని ఇన్నాళ్లు అనుకొంటిమి గాబోలు. గుర్తు చెరిపిన మెస్సర్‌స్మిట్ చూచుటకు చక్కని, నిరపరాధియైన విమానము. అది ఎవరి పక్షమున ఎగిరినదో, ఆ పక్షము సుమారు అరువది లక్షల యూదులను చంపినదని, ఆ దేశములో క్రీస్తు నామము ధరించిన సంఘములలో అనేకులు ఊరకుండిరని, ఊరకుండనివారిలో డీట్రిక్ బోన్‌హోఫర్ వంటివారు 1945 ఏప్రిలులో ఉరితీయబడిరని చూచువాడు అడుగడు. గుర్తు ఉన్నచో అడుగును. సంఘపు పెద్దగారు అడిగిరి గదా! ఆయన అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. మేమిచ్చిన జవాబే చెడ్డది.

ఎయిర్‌ఫిక్స్ అను పేరు ఈ పనిలో దిగిన ప్రతి బాలునికి తెలియును. ఆ సంస్థను 1939 లో ఇంగ్లండున స్థాపించిన నికొలస్ కోవ్ హంగేరీ దేశమునుండి వచ్చిన యూదుడు. 1950లలో ఆ సంస్థ స్పిట్‌ఫైరును చేసెను, మెస్సర్‌స్మిట్టును గూడ చేసెను. ఆ నిర్ణయమునకు కారణము వ్యాపారమే కావచ్చును. అయినను, తన జనమును వెంటాడినవారి యంత్రమును గూడ కొలత తప్పకుండ చేయించిన సంస్థ పేరు మేము ఆనాడు జ్ఞాపకముంచుకొనవలసినది.

ఆ బాలుని స్పిట్‌ఫైర్ ప్రక్క భాగమున యు.ఎం. అను అక్షరములుండెను. అవి బ్రిటిషు వాయుసేనలోని 152 వ దళపు గుర్తు. ఆ దళము పేరు హైదరాబాదు దళము. నిజాము గారి ధనసహాయమువలన ఆ పేరు వచ్చినది. దాని ముద్రలో నిజాము ధరించు శిరోవేష్టనము గలదు. హైదరాబాదువారు నడిపిన దళమని దీని యర్థము గాదు. 1940 వేసవిలో ఆ దళము దక్షిణ ఇంగ్లండులోని వార్మ్‌వెల్ నుండి పోరాడెను. పిమ్మట బర్మా రంగమునకు వచ్చినప్పుడు దాని విమానములమీద దూకుచున్న నల్లచిరుత బొమ్మ వేసిరి. మన నేలతో సంబంధమున్న ఈ విమానము మా బల్లమీదనే నిలిచియుండగా, మేము గుర్తింపక, మరకలున్నవని మార్కులు తగ్గించితిమి. చరిత్ర బోధించువారమని మాకు జీతమిచ్చుచున్నారు.

యుద్ధవిమానములను పాఠశాలలో చేయనీయవచ్చునా యను ప్రశ్న నిజమైనది. దానిని తేలికగ త్రోసివేయము. సమాధానకర్తయైన ప్రభువును సేవించువారి బల్లమీద బాంబులు మోయు యంత్రములేల యని అడుగు తల్లికి మేము బదులు చెప్పవలసియున్నది. మా బదులు ఇది: మానిపించిన యెడల పిల్లలు ఇంటివద్ద చేయుదురు, అప్పుడు వారితో మాటలాడువారు ఉండరు. పాఠశాలలో చేసినచో ప్రతి నమూనా క్రింద ఒక చీటి పెట్టించవచ్చును. నిష్పత్తి, అసలు కొలత, ఏ సంవత్సరమున ఏ స్థలమున ఆ యంత్రము ఏమి చేసినదో ఆ చీటిలో నుండవలయును. బి-29 విమానమును చేయువాడు 1945 ఆగస్టు 6 అను తేదీని, హిరోషిమా అను పేరును తన చేతితో వ్రాయవలయును. గెలిచినవారి విమానమునకు చీటి అక్కరలేదని, ఓడినవారి విమానమునకే కావలయునని అన్నచో అదియు అబద్ధసాక్ష్యమే. చీటి వ్రాయ నిష్టపడనివాడు ట్రాక్టరు చేసికొనవచ్చును, తప్పులేదు. ఎయిర్‌ఫిక్స్ వారును మొదట ట్రాక్టరుతోనే ఆరంభించిరి.

ఖర్చు మాట గూడ మరువరాదు. మంచి పెట్టె యొకటి మన వసతిగృహములో నున్న అనేకుల తండ్రులకు రెండు మూడు దినముల కూలి. అందుచేత ఈ పని కలిగినవారి పిల్లలకే పరిమితమగునని మేము భయపడుచుండగా, వసతిగృహపు బాలుడొకడు మా భయమును తీర్చెను. వాడు అట్టపెట్టెలు, జిగురు, పెయింటరు పారవేసిన రంగుడబ్బాలతో పల్లెవెలుగు బస్సును చేయ మొదలుపెట్టెను. కండక్టరును బ్రతిమాలి, బస్సు నిలిచిన పది నిమిషములలో టేపుతో కిటికీలు, మెట్లు, చక్రములు కొలిచి నోటుపుస్తకములో వ్రాసికొనెను. మీటరుకు నాలుగు సెంటీమీటర్లు, అనగా ఇరువదియైదవ వంతు. పెట్టె కొన్నవాడు మరియొకరి కొలతను నమ్మవలయును. ఈ బాలుడు ఎవరిని నమ్మలేదు. మా దృష్టిలో వాని అట్టబస్సు ఆ ప్లాస్టికు విమానములన్నిటికంటె గొప్పది. వెనుక నిచ్చెనలో ఒక మెట్టు విరిగియుండుటను గూడ వాడు వదలలేదు.

కొలుచుటకు విమానములే కావలయునన్నవారు విశాఖపట్టణపు సముద్రతీరమునకు పోవచ్చును. నౌకాదళమునుండి విరమించిన కుర్సురా జలాంతర్గామి 2002 నుండియు, టియు-142 విమానము 2017 నుండియు అచ్చట ప్రదర్శనశాలలుగ నున్నవి. ఆ విమానపు రెక్కలు సుమారు ఏబది మీటర్లు. మన డెబ్బదిరెండవ వంతులో ఇంచుమించు డెబ్బది సెంటీమీటర్లు. మా కోరిక నెరవేరినచో ఈ సంవత్సరపు విహారయాత్ర అచ్చటికే. ప్రతి విద్యార్థి ఒక టేపు, ఒక పెన్సిలు తేవలయును; చిరుతిండ్లు తరువాత.

కత్తులు, ద్రావణములు పిల్లల చేతికిచ్చుట అపాయమని కొందరు తల్లులు అన్నారు. వారి మాట నిజము. కిటికీలు తెరచి, ఉపాధ్యాయుడు ఎదుట నుండగా మాత్రమే ఈ పని జరుగవలయును. బహుమతి విషయమై ప్రధానోపాధ్యాయుల యనుమతితో ఈ సంవత్సరము మూడు నియమములు పెట్టితిమి: మెరుపునకు మార్కులు లేవు, చీటి లేని నమూనాకు బల్లమీద చోటు లేదు, నిర్ణేతలు చేతిలో కొలతబద్ద లేకుండ బల్లయొద్దకు రారాదు. మూడవది ముఖ్యముగ మా నిమిత్తమే.

గత నెలలో ఆ బాలుని, ఇప్పుడు తొమ్మిదవ తరగతి, విజ్ఞానశాలకు పిలిచితిమి. బీరువాలో దుమ్ము పట్టియున్న ఆ పలకను తీసి బల్లమీద నుంచి, "ఆనాడు నీ విషయమున మేము తప్పు చేసితిమి నాయనా" అని చెప్పితిమి. ఉపాధ్యాయుని నోట ఇట్టి మాట వినుట అలవాటు లేనందున కాబోలు వాడు నేలచూపు చూచెను. గుర్తు మరల పెట్టుటకు మరియొక పెట్టె కొనియిత్తుమంటిమి. వాడు మెస్సర్‌స్మిట్టును ఎత్తి, తోకను వెలుగునకు త్రిప్పి, గీకినచోట వ్రేలితో తడిమి చూచెను.

"గుర్తులు విడిగా దొరకును మాస్టారూ, పెట్టె అక్కరలేదు. కాని ఇక్కడ కత్తి లోతుగ దిగినది. ముందు లప్పము పెట్టి ఆరనిచ్చి రుద్దవలెను. ఆదివారము ఆరాధన అయిన తరువాత వచ్చెదను. గది తాళము తీయింతురా?"

తీయింతుమని చెప్పితిమి. ఉప్పుకాగితము తానే తెచ్చుకొందుననెను.